కొక్కెం సూదికి చిక్కిన జ్యామితి

ఊలుతో చిన్న బంతి అల్లాలంటే క్రోషే పని తెలిసినవారు పాటించే లెక్క ఒకటుంది. మొదటి చుట్టులో 6 కుట్లు వేస్తారు. రెండో చుట్టులో 12, మూడో చుట్టులో 18, ఆ తర్వాత 24. ఇలా చుట్టుకు ఆరేసి చొప్పున పెంచుతూ పోతే చదునైన గుండ్రటి బిళ్ళ తయారవుతుంది. పెంచడం ఆపి అన్నే కుట్లతో అల్లితే అంచు పైకి లేచి గిన్నెలా మారుతుంది. ఆపైన ఆరేసి తగ్గించుకుంటూ వస్తే మూతి ముడుచుకుని బంతి పూర్తవుతుంది. సరదాగా బొమ్మలు అల్లేవారు ఒకరికొకరు పంచుకునే నమూనాల్లో ఎక్కువగా కనిపించేవి ఈ అంకెలే.

ఆరే ఎందుకు? వృత్తం చుట్టుకొలత దాని వ్యాసార్థానికి సుమారు 6.28 రెట్లు. క్రోషేలో సాదా కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు ఒక్కటే. కాబట్టి బిళ్ళ వ్యాసార్థం ఒక కుట్టంత పెరిగినప్పుడల్లా చుట్టుకొలత ఆరు కుట్ల పైచిలుకు పెరగాలి. జ్యామితి పుస్తకం తెరవకపోయినా అల్లే చేతులు అనుభవంతో ఆ సంఖ్య దగ్గరకే చేరుకున్నాయి.

కుట్లు అవసరానికి మించి పెంచితే బిళ్ళ చదునుగా ఉండదు. అంచుకు చోటు చాలక అలలు అలలుగా మడతలు పడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు దాన్ని తప్పుగా ఎంచి విప్పేస్తారు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించే దైనా తైమినా ఆ మడతలనే కావాలని అల్లారు. దాని వెనక రెండు వేల ఏళ్ల కథ ఉంది.

ఒక సరళరేఖకు బయట ఉన్న బిందువు గుండా ఆ రేఖకు సమాంతరంగా ఒకే ఒక్క రేఖ గీయగలమని బడిలో చెబుతారు. ఇది యూక్లిడ్ ఐదో స్వీకృతానికి మరో రూపం. మిగతా స్వీకృతాల నుంచి దీన్ని నిరూపించాలని తరతరాల గణితవేత్తలు ప్రయత్నించి విఫలమయ్యారు. 19వ శతాబ్దంలో రష్యాలో లోబచెవ్‌స్కీ, హంగరీలో బోల్యాయ్ విడివిడిగా ఒకే ముగింపుకు వచ్చారు. ఆ స్వీకృతాన్ని పక్కన పెట్టినా వైరుధ్యం లేని మరో జ్యామితి నిలబడుతుంది. అందులో ఒకే బిందువు గుండా లెక్కలేనన్ని రేఖలు మొదటి రేఖను తాకకుండా పోగలవు. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలకు ఎప్పుడూ తక్కువే. దీనికి హైపర్బోలిక్ జ్యామితి అని పేరు. బంతి ఉపరితలం ఎటు చూసినా బయటికి ఉబ్బి ఉంటుంది. హైపర్బోలిక్ తలం ఎక్కడ చూసినా గుర్రపు జీనులా ఒక దిశలో పైకి, మరో దిశలో కిందికి వంగి ఉంటుంది.

సమీకరణాల్లో ఉన్న ఈ తలాన్ని కంటికి చూపించడం మాత్రం కష్టమైంది. ఇటలీ గణితవేత్త బెల్‌ట్రామి 19వ శతాబ్దంలో కాగితంతో ఒక నమూనా చేశారు. 1970లలో విలియం థర్‌స్టన్ వంపు తిరిగిన కాగితపు పట్టీలను అతికించే పద్ధతి చెప్పారు. తైమినా చూసింది ఆ రకం నమూనానే. నాలుగు చేతులు మారితే చిరిగిపోయే ఆ కాగితంతో తరగతిలో పాఠం చెప్పడం ఎలా? లాత్వియాలో పుట్టి పెరిగిన ఆమెకు సూది పని చిన్నప్పటి నుంచీ తెలుసు. ముందు రెండు సూదుల ఊలు అల్లికతో ప్రయత్నించారు. ఆ పద్ధతిలో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉండాలి. కుట్లు వేగంగా పెరిగేసరికి సూది పట్టలేదు. క్రోషేలో ఏ క్షణంలోనైనా కొక్కేనికి తగిలి ఉండేది ఒక్క ముడే. అందుకే పని సాగింది.

ఆమె నియమం ఒక్క వాక్యంలో పడుతుంది. ప్రతి వరుసలో ఇన్నేసి కుట్లకు ఒకటి చొప్పున అదనంగా వేయాలి, ఆ నిష్పత్తిని చివరిదాకా మార్చకూడదు. చదునైన బిళ్ళలో చుట్టుకు కలిసేది ఎప్పుడూ ఆరే. ఇక్కడ పెరుగుదల చక్రవడ్డీలాంటిది. 20 కుట్లతో మొదలుపెట్టి ప్రతి అయిదింటికి ఒకటి పెంచితే పది వరుసలు దాటేసరికి 124 కుట్లవుతాయి. ప్రతి కుట్టుకూ ఒకటి పెంచితే అదే పది వరుసలకు 20,480. కుట్టుకు మూడు సెకన్లే పట్టినా ఆ చివరి వరుస ఒక్కదానికే 17 గంటలు కూర్చోవాలి!

అల్లిన ఆ ముక్కను ఎక్కడ మడిచినా మడత గీత ఆ తలంపై సరళరేఖే. మడతల వెంట రంగు దారం కుడితే, ఒకే బిందువు నుంచి బయల్దేరిన మూడు నాలుగు రేఖలు కింది రేఖను కలవకుండా దూరంగా పోవడం కనిపిస్తుంది. మూడు మడతలతో త్రిభుజం కుట్టి కోణమానినితో కొలిస్తే మొత్తం 180కి చేరదు. అయితే ఇది అనంతమైన తలంలో ఒక ముక్క మాత్రమే. అలాంటి తలం మొత్తాన్ని మన మూడు మితుల ప్రపంచంలో నునుపుగా ఇమడ్చలేమని 1901లో హిల్బర్ట్ నిరూపించారు. వరుసలు పెరిగేకొద్దీ మడతలు ఒకదానిపై ఒకటి కుక్కుకుని అల్లిక ఉండలా బిగుసుకోవడంలో ఆ ఇరుకు చేతికే తెలుస్తుంది.

తైమినా 2009లో దీనిపై పుస్తకం రాశారు. విచిత్రమైన శీర్షికలకు బ్రిటన్‌లో ఇచ్చే సరదా బహుమతి ముందు వచ్చింది. అమెరికా గణిత సంఘం వారి ఆయిలర్ పుస్తక పురస్కారం 2012లో లభించింది. సూది పనిని సరదాగా మాత్రమే చూసే అలవాటు పడమటి దేశాలకే పరిమితం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో నూలు దారంతో లేసు అల్లే మహిళలపై జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం ప్రచురించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతయ్యేది. అల్లినవారిని మాత్రం తీరిక వేళ కాలక్షేపం చేసుకునే గృహిణులుగానే లెక్కగట్టి నామమాత్రపు కూలి ఇచ్చేవారని ఆమె చూపించారు. ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుండ్రటి గుడ్డ చదునుగా పరుచుకోవాలంటే ఎన్ని కుట్లు వేయాలో, అంచుకు కుచ్చు రావాలంటే ఎన్ని పెంచాలో తెలియకుండా లేసు పని సాగదు. వక్రతను లెక్కించడమంటే ఇదే.

ప్రకృతిలో ఈ కుచ్చులకు కొదవ లేదు. కోడిజుట్టు పువ్వు, లెట్యూస్ ఆకు, పెంకు లేని కొన్ని సముద్రపు నత్తలు, కొన్ని రకాల పగడాలు ఈ కోవలోవే. నడిమి భాగం కన్నా అంచు వేగంగా పెరిగినప్పుడు అలలు వస్తాయి. కొద్ది చోటులోనే ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. నీటిలోని ఆహారాన్ని ఒడిసిపట్టి బతికే జీవికి అది లాభమే.

ఈ పోలిక నుంచే 2005లో ఊలు పగడాల దిబ్బ మొదలైంది. విజ్ఞాన రచయిత్రి మార్గరెట్ వర్థైమ్, ఆమె కవల సోదరి క్రిస్టీన్ లాస్ ఏంజెలెస్‌లోని తమ ఇంట్లో దీన్ని ప్రారంభించారు. ఇద్దరూ గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో పుట్టినవారు. తైమినా నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే వచ్చే రూపం మరీ క్రమబద్ధంగా ఉండేది. ఒకచోట మూడింటికి, మరోచోట ఏడింటికి పెంచుతూ నియమాన్ని సడలించాక అల్లిక జీవం ఉన్నదానిలా కనిపించసాగింది. ఎన్నో నగరాల్లో వేలమంది చేరి తమ ఊరి దిబ్బలు అల్లారు. ఒకరు కనిపెట్టిన కుట్టు ఇంకొకరి చేతిలో కొత్త జాతి అవుతుంది. ఈ దిబ్బ 2019లో వెనిస్ బియెనాలే కళాప్రదర్శనకూ చేరింది.

అసలు పగడాల పరిస్థితి ఇందుకు విరుద్ధం. పగడపు జీవికి రంగును, ఆహారంలో ఎక్కువ భాగాన్ని ఇచ్చేవి దాని కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా సముద్రం ఒక్క డిగ్రీ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడం వాటిని వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్ 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో విస్తారంగా తెల్లబడింది. మన లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016లో ఈ దెబ్బ తిన్నాయి. వర్థైమ్ సోదరీమణులు తర్వాత తెల్లబడిన దిబ్బను విడిగా తెలుపు, లేత రంగుల్లో అల్లారు. సముద్రంలో పేరుకునే చెత్తను గుర్తుచేస్తూ ఇంకో దిబ్బను ఊలుకు బదులు ప్లాస్టిక్ సంచులను దారాలుగా కత్తిరించి అల్లారు.