వీసా వచ్చింది, మరి గది?

ఉత్తర తెలంగాణ వలసల కథను మన పెద్దలు మూడు మాటల్లో తేల్చేశారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల్లో దిగినవాళ్లు కొందరు. సిరిసిల్ల నుంచి భీవండి సాంచాల దాకా పోయినవాళ్లు కొందరు. 1970లలో చమురు పైసలతో గల్ఫ్‌లో కట్టడాలు లేవడం మొదలయ్యాక జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఖానాపూర్ పల్లెల నుంచి విమానం ఎక్కినవాళ్లు ఇంకెందరో. ఇప్పుడు వాళ్ల పిల్లలు, మనుమలు బ్యాగులు సర్దుకుంటున్నారు. వీళ్ల చేతిలో ఉన్నది లేబర్ వీసా కాదు, యూనివర్సిటీ ఆఫర్ లెటర్.

2024–25లో అమెరికాలో చదువుతున్న మన దేశ విద్యార్థులు 3,63,019 మంది. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానం మనదే. 2025 వేసవిలో అమెరికా కొత్త వీసా ఇంటర్వ్యూలకు కొన్నాళ్లు విరామం ఇచ్చినప్పుడు చాలా ఇళ్లలో లండన్, బెర్లిన్, మెల్‌బోర్న్ పేర్లు గట్టిగా వినిపించాయి. కరీంనగర్ కన్సల్టెన్సీ బోర్డుల మీద లిబర్టీ విగ్రహం పక్కన బిగ్ బెన్ గడియారం ఎప్పటినుంచో ఉంది. ఆ బోర్డు కింద కూర్చున్నాయన వీసా చేతికొచ్చేదాకా అన్నీ చెబుతాడు. దిగిన రాత్రి ఎక్కడ పడుకోవాలో చెప్పడు. అది ఆయన పని కూడా కాదు, ఆయన కమీషన్ అడ్మిషన్‌తోనే ముడిపడి ఉంటుంది.

పరాయి నగరంలో ఎలా బతకాలో తెలిసినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. గల్ఫ్ నుంచి వాపస్ వచ్చిన కాకలు, మామలు. ఏజెంటు నోటిమాటను ఎంతవరకు నమ్మాలి, ఒక్క గదిలో ఎనిమిది మంది ఎట్లా సర్దుకోవాలి, మిత్తి పెరుగుతుంటే రాత్రి నిద్ర ఎందుకు పట్టదు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏది చెప్పాలి, ఏది దాచాలి... ఇవన్నీ వాళ్లు అనుభవించి నేర్చుకున్నారు. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు మాత్రం వాళ్లను అడగరు. ‘వాళ్లది కూలి, మాది చదువు’ అనుకుంటారు. తేడా ఉన్నమాట నిజమే. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోయిన కార్మికుడికి లేని చట్టపు అండ లండన్‌లో విద్యార్థికి ఉంది. కానీ అప్పు, ఏజెంటు, ఇరుకు గది, ఫోన్లో చెప్పే అబద్ధం, ఈ నాలుగూ రెండుచోట్లా ఒకటే. అందుకని ఈ కథనంలో లండన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతా నగరాల్లో అంకెలు మారతాయి, చిక్కులు పెద్దగా మారవు.

ముందు మిత్తి లెక్క

లండన్‌లో చదవాలంటే ఫీజు కాక నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, అంటే 13,761 పౌండ్లు, ఖాతాలో చూపించాలి. 2025 నవంబరు నుంచి బ్రిటన్ హోం ఆఫీస్ పెట్టిన లెక్క ఇది. ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మనవాళ్లు దీనికో దారి కనిపెట్టారు. పైసలు అప్పు తెచ్చి ఖాతాలో పెట్టడం, గడువు దాటగానే మిత్తితో సహా తిరిగిచ్చేయడం. కాగితం మీద డబ్బుంది, వీసా వచ్చింది. విమానం దిగేసరికి జేబులో మాత్రం నెల ఖర్చుకే ఉంటుంది. ఆ 13,761 పౌండ్లు వీసా ఆఫీసరు కోసం పెట్టిన అంకె అనుకోవడమే ఇక్కడి పొరపాటు. ఆ నగరంలో ఒక మనిషి ఎంతో కొంత మర్యాదగా బతకడానికి నిజంగా అంత కావాలి.

‘పార్ట్‌టైం చేసుకుంటాడు లే’ అన్నది ఇంట్లో అందరూ చెప్పుకునే ధైర్యం. కూర్చుని లెక్క వేద్దాం. డిగ్రీ, పీజీ విద్యార్థులు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ పెద్దలకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారమంతా పని దొరికినా వచ్చేది 244 పౌండ్లు, నెలకు సుమారు 1,058. హోం ఆఫీస్ చెప్పిన ఖర్చుకే నాలుగు వందల డెబ్భై తక్కువ. ఇక ఫీజు కట్టేదెక్కడ, ఇంటికి పంపేదెక్కడ? పైగా మొదటి నెలలోనే పని దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఇటువైపు ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి. పది లక్షలు తెస్తే నెలకు ఇరవై వేలు. పౌండు 115 రూపాయల లెక్కన చూసినా 170 పౌండ్లకు పైనే. అసలు కదలదు, మిత్తికే నెలకు పధ్నాలుగు గంటల కూలి. అందుకే బ్యాంకు లోన్ దొరికే అవకాశం ఉన్నంతవరకు ఊరి అప్పు జోలికి పోవద్దు. ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతాయి, కానీ చదువు ముగిసి మరికొంత కాలం దాకా కంతులు మొదలుకావు. ఊరి అప్పుకు ఆ ఓపిక ఉండదు.

రాష్ట్ర ప్రభుత్వ సాయమూ ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట మరొకటి, మైనారిటీలకు ఇంకొకటి. గరిష్ఠంగా 20 లక్షలు. అయితే ఆ పైసలు విడతలుగా వస్తాయి, మొదటి విడత కూడా అక్కడికి చేరి కాగితాలు పంపాకే. విమానం టికెట్టు, మొదటి ఫీజు, గది అడ్వాన్సు ముందే సొంతంగా సమకూర్చుకోవాలి. ఒకప్పుడు నిజాం సర్కారు తన ఖర్చుతో ఇంగ్లండ్ పంపి చదివించిన అలీ నవాజ్ జంగ్ తిరిగొచ్చి మంజీర మీద నిజాంసాగర్ కట్టించాడు. ఆయన పుట్టిన జులై 11నే ఇప్పుడు తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవం జరుపుతున్నాం. ఆయన వెనక సర్కారు ఉంది. ఈ కాలపు పిల్లల వెనక రెండెకరాల పాస్‌బుక్కు ఉంది.

ఈస్ట్‌హామ్‌లో ఒక మంచం

మన పిల్లలు ఎక్కువగా చేరేది లండన్ తూర్పున ఈస్ట్‌హామ్, ఇల్ఫోర్డ్, బార్కింగ్ వైపు, పడమట హౌన్‌స్లో వైపు. ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్‌లో నడుస్తుంటే సోనామసూరి బస్తాలు, దోసెల హోటళ్లు, కాస్త పక్కకు తిరిగితే మురుగన్ కోవెల. దిగులు తగ్గడానికి అది మంచిదే. కానీ అక్కడే మొదటి మోసమూ ఎదురవుతుంది. ఎవరో వాట్సాప్ గ్రూపులో గది ఫొటోలు పెడతారు. అడ్వాన్సు పంపితే తాళం ఇస్తామంటారు. హీత్రూ నుంచి సూట్‌కేసులు లాక్కుంటూ వెళ్లి చూస్తే ఆ తలుపు వెనక వేరే కుటుంబం ఉంటుంది. మాట తెలుగైతే మనిషి మనవాడే అని నమ్మడం మనకున్న బలహీనత. దుబాయి ఏజెంటూ తెలుగులోనే మాట్లాడాడు కదా.

మొదటి రెండు వారాలకు యూనివర్సిటీ హాస్టలో, తెలిసినవాళ్ల ఇల్లో చూసుకోండి. గది కళ్లతో చూశాకే పైసలు ఇవ్వండి. ఇంగ్లండ్‌లో చట్టం అద్దెకున్నవాడి పక్షాన గట్టిగానే నిలబడుతుంది, కానీ ఆ అండ చట్టం తెలిసినవాడికే. మామూలు అద్దె ఇళ్లకు డిపాజిట్ అయిదు వారాల అద్దెను మించకూడదు. ఆ డిపాజిట్‌ను యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో జమచేయాలి. ఒకే కుటుంబం కాని అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది ఒక ఇంట్లో వంటగదో స్నానాల గదో పంచుకుని ఉంటే ఆ ఇంటికి లైసెన్స్ ఉండాలి. మీరు సక్రమంగా వచ్చారో లేదో యజమాని చూసుకోవాలి, దానికి మీరు ఆన్‌లైన్‌లో తీసిన షేర్ కోడ్ ఇస్తే చాలు. పాస్‌పోర్టు అతని దగ్గర ఉంచమని అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఈ మాట చెప్పడానికి లాయరు అక్కర్లేదు, దుబాయి పోయొచ్చిన ఏ కాకైనా చాలు.

అద్దె తక్కువని మరీ దూరం పోతే ఆ మిగులు ట్యూబ్ రైలు మింగేస్తుంది. బస్సు చవక: 1.75 పౌండ్లు, మొదటి బస్సు ఎక్కిన గంటలోపు మరో బస్సు మారినా అదే ఛార్జీ. డ్రైవరుకు చిల్లర ఇస్తానంటే కుదరదు, 2014 నుంచి లండన్ సిటీ బస్సుల్లో నగదు తీసుకోరు. ఇంట్లో అందరూ ఫుల్‌టైం విద్యార్థులే అయితే కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) ఉండదు. వారిలో ఒకరి చదువు అయిపోగానే బిల్లు తలుపు తడుతుంది. గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

20 గంటల గీత

పని విషయంలో ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. విద్యార్థి వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం. ఫుడ్ డెలివరీ యాప్‌లలో బండి నడిపేవాళ్లు సాధారణంగా స్వయం ఉపాధి కిందికే వస్తారు. కాబట్టి వేరేవాళ్ల ఖాతాను వారానికి ఇంత అని అద్దెకు తీసుకుని నడపడం జరుగుతోంది. అందరూ చేస్తున్నారు కదా అన్నది సమర్థన. పట్టుబడితే వీసా పోతుంది, ఖాతా అద్దెకిచ్చినవాడు ఫోన్ ఎత్తడు. 20 గంటలు దాటించి మిగతాది చేతికి నగదుగా ఇస్తామనే దుకాణదారు కూడా ఇలాంటివాడే. జీతం ఎగ్గొడితే ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

క్లాసు ఎగ్గొట్టి డ్యూటీకి పోవడం అంతకంటే ప్రమాదం. వీసాకు స్పాన్సర్ యూనివర్సిటీయే. హాజరు తగ్గితే అది హోం ఆఫీస్‌కు తెలియజేయాలి. మన కాలేజీల్లో ల్యాబ్ రికార్డు సీనియర్ దగ్గర తెచ్చి దించేయడం మామూలు. అక్కడ అసైన్‌మెంట్‌లో నాలుగు పేరాలు ఎత్తి రాస్తే విచారణకు కూర్చోబెడతారు. మొదటి సెమిస్టర్‌లో తెలివైన పిల్లలు కూడా తడబడేది ఇంగ్లిష్ దగ్గర కాదు, ఇక్కడే.

హాజరు అక్కర్లేని కోర్సు ఉందని ఎవరైనా ఆశపెడితే అమెరికాలో 2011లో, 2019లో జరిగినవి గుర్తు చేసుకోండి. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కొందరు విద్యార్థుల కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు తగిలించారు. బాధితుల్లో మన తెలుగు పిల్లలు చాలామంది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మరీ విడ్డూరం, దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే. క్లాసులే లేని ఆ వలలో వంద మందికి పైగా భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లను చేర్పించిన దళారుల మీదా కేసులు పడ్డాయి.

చలి, చీకటి, పచ్చళ్లు

రాష్ట్రంలో చలి వార్తల్లోకి ముందెక్కేది ఎప్పుడూ ఉమ్మడి ఆదిలాబాదే. కాబట్టి అక్కడి పిల్లలు ‘చలి మాకు కొత్తా?’ అంటారు. ఆదిలాబాద్ చలి పొద్దున వణికించి పది గంటలకల్లా ఎండకు లొంగుతుంది. లండన్‌లో డిసెంబరులో పొద్దు ఎనిమిదింటికి పొడిచి నాలుగు కాకముందే గూకుతుంది, మధ్యలో మబ్బు. క్లాసు నుంచి బయటికి రాగానే రాత్రి. మనసు కుంగేది చలికి కాదు, ఆ చీకటికి. స్వెటర్లు ఇక్కడి నుంచి మోసుకుపోకండి, అక్కడి వానకు అవి పనికిరావు. నీరు దిగని కోటు అక్కడే కొనుక్కోవడం మేలు.

అవ్వ కట్టిచ్చే సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు వెళ్తాయి. నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా వెళ్లవు. మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తేకూడదు. ఆస్ట్రేలియా పోయేవాళ్లు తిండి పదార్థం ఏదున్నా కార్డులో రాసి చూపాలి, దాచితే జరిమానా.

వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టి ఉంటారు. అది కట్టినా చాలామంది జ్వరమొస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న గోలీలతో నెట్టుకొస్తారు. దిగిన వారంలోనే దగ్గరి జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోండి, అది ఉచితం. అత్యవసరమైతే 999, సలహా కావాలంటే 111. నిద్ర పట్టకపోయినా, ఏడుపొస్తున్నా అదే జీపీ దగ్గరికి, యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లొచ్చు. బతుకమ్మ రోజుల్లో లండన్‌లో తెలంగాణ సంఘాలు ఆట పెడతాయి. ఎవరూ తెలియకపోయినా వెళ్లండి. మంచి గదులు దొరికేది కూడా అలాంటిచోటే.

బాపూ, ఒక్క మాట

కరీంనగర్‌లో రాత్రి పది అయితే లండన్‌లో చలికాలం సాయంత్రం నాలుగున్నర. బిడ్డ డ్యూటీకి బయల్దేరే సమయం. ఆ వేళ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. ‘పని దొరికిందా? పైసలు ఎప్పుడు పంపుతవ్?’ ‘దొరికింది బాపూ, వచ్చే నెల పంపుత’ అని అబద్ధం. లేబర్ క్యాంపు నుంచి ఆఫీసు పని అని చెప్పిన దుబాయి అబద్ధమే ఇది. గల్ఫ్ కుటుంబాల్లో ఆ అబద్ధం బయటపడేసరికి అప్పు రెట్టింపై ఉండేది. మొదటి ఆరు నెలలు పైసల సంగతి అడక్కండి. తిన్నవా, క్లాసుకు పోయినవా అని మాత్రం అడగండి. వాపస్ రావాల్సి వచ్చినా ఇల్లు ఉందని ముందే, విమానాశ్రయానికి పోయే కారులోనే చెప్పండి.

ఇక చదువు అయ్యాక. ఇప్పటిదాకా లండన్‌లో పీజీ ముగించినవాళ్లకు రెండేళ్లు ఉండి ఉద్యోగం వెతుక్కునే వీసా దొరికేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. 2025 జులై నుంచి దానికి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400. 2026లో ఏడాది పీజీకి బయల్దేరుతున్నవాళ్లు అప్పు తీర్చే లెక్కను ఈ 18 నెలల మీదే వేసుకోండి. లెక్క కుదరకపోతే ఆ ఏడాది ఆగండి.