పానగల్లు పార్కు

చెన్నపట్టణపు త్యాగరాయనగరమునకు పట్టుచీరలు కొనఁబోని తెలుఁగు గృహిణు లరుదు. ఆ యంగళ్ల నడుమనున్న చిన్న యుద్యానమే పానగల్లు పార్కు. క్రిందటిమాఱు మా చిన్నది “అమ్మా, పానగల్లనఁగా నెవరు?” అని యడుగఁగా నేను బదులు చెప్పలేకపోతిని. ఇల్లు చేరి పుస్తకములు తిరుగవేసితిని.

ఆ పేరు మన తెలుఁగు జమీందారుగారిదే. పానగల్లురాజా రామరాయణింగారు 1866వ సంవత్సరమున కాళహస్తియందు జన్మించిరి, సంస్కృత మభ్యసించిరి, 1921 మొదలు 1926 వఱకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లో వెలసినది వారి కాలముననే. ఆ దినములలోనే మాంబళము చెఱువు నేలను మెరకచేసి యీ పేట నిర్మించిరి. పేటకు పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరును, తోటకు రాజాగారి పేరును పెట్టిరి. రాజాగారు 1928లో గతించిరి.

ఇటీవల భూగర్భ రైలుమార్గమునకై తోటలో కొంత నేలను త్రవ్విరి. ఆ స్టేషనునకును పానగల్లు పార్కనియే పేరు. ఇఁక నీ పేరు మఱింతమంది నోట నాడును. ఎవరిదో తెలియకున్న నది దారిగుర్తు మాత్రమే యగును. కావున మీరు చీరలమూటతో నచట నిలిచినప్పుడు చెంతనున్న బిడ్డ కీ సంగతి చెప్పుఁడు. బిడ్డ యడుగువఱకు నేనే యెఱుఁగనైతిని.