మూత్రపు గొట్టమునకు పట్టు పాచి

ధర్మపురిలోనో, బాసరలోనో గోదావరి స్నానమునకు దిగినవారికి నీటిలోని మెట్ల సంగతి తెలియును. రాయి శుభ్రముగానే కనిపించును. కాలు మోపినంతనే జారును. కారణము, రాతిని అంటియున్న పలుచని పాచి. ఎంత ప్రవాహము వచ్చినను అది కొట్టుకొనిపోదు. గీకిన గాని వదలదు. ఇట్టి పొరయే రోగికి అమర్చిన మూత్రపు గొట్టమునకును పట్టును. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అందురు. మన పండ్ల పాచియు ఇట్టిదే. 1683లో హాలెండు దేశీయుడు లీవెన్‌హుక్ పండ్ల పాచిలో కదలాడు సూక్ష్మజీవులను గూర్చి వ్రాసెను.

మూత్రము బిగిసినవారికిని, కొన్ని శస్త్రచికిత్సలు జరిగినవారికిని వైద్యులు కెథీటరు అను మెత్తని గొట్టమును మూత్రాశయములోనికి పంపుదురు. కొనయందలి బుడగను నీటితో నింపుటచే అది జారక నిలుచును. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ 1930వ దశాబ్దములో రూపొందించిన ఈ గొట్టము నేటికిని ఆయన పేరుననే వ్యవహరింపబడుచున్నది. కరీంనగరు ప్రభుత్వాసుపత్రి నుండియో, ఆదిలాబాదు రిమ్స్ నుండియో గొట్టముతో ఇల్లు చేరిన రోగికి ఆపై కాపుదల ఇంటివారిదే. కావున ఈ విషయమును వారికి తెలుపదలచితిమి.

మామూలుగా మూత్రధార సూక్ష్మజీవులను ఎప్పటికప్పుడు కడిగివేయుచుండును. గొట్టమున్నచో ఆ రక్షణ సడలును. మలద్వార ప్రాంతపు బాక్టీరియా గొట్టము వెలుపలి అంచు వెంబడి లోనికి ప్రాకును. సంచిలో చేరినవి లోపలి దారిన పైకెక్కును. అవి గొట్టమునకు అంటుకొని, జిగురును స్రవించి, అందులో గుంపులుగా కాపురముండును. గొట్టమున్న ప్రతి దినమును నూరుగురిలో 3 నుండి 7 మంది మూత్రములో ఇవి క్రొత్తగా చేరునని అంచనా. నెల గడచునప్పటికి దాదాపు అందరిలోను ఉండును.

జిగురు చాటుననున్న జీవులను మందులు చక్కగా చంపజాలవు. మన రక్తములోని తెల్లకణములు మింగజాలవు. జ్వరము తగ్గినను పొర మిగిలి, రోగము మరల తిరుగబెట్టవచ్చును. అందుచేతనే చాలనాళ్లుగానున్న గొట్టము వలన రోగము వచ్చినపుడు, వైద్యులు మందుతోపాటు గొట్టమును కూడ తీయుదురు లేక మార్చుదురు. ప్రోటియస్ అను బాక్టీరియా మూత్రములోని యూరియాను విడగొట్టి క్షారమును పెంచును. అప్పుడు సున్నము వంటి గట్టి పదార్థము పేరుకొని గొట్టము మూసికొనిపోవును. మూత్రము వెనుకకు ఎగదన్ని మూత్రపిండములకు ముప్పు తెచ్చును.

గొట్టమును, సంచిని ముట్టుటకు ముందును తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. సంచి ఎల్లప్పుడు నడుము కన్న క్రిందనే ఉండవలెను. బస్సులో పైకమ్మికి తగిలించినచో, సంచిలోని మూత్రము మరల లోనికి పోవచ్చును. సంచిని నేలపై పెట్టరాదు, గొట్టము మడతపడరాదు, అతుకును ఊరక విప్పరాదు. నిండకమునుపే శుభ్రమైన పాత్రలోనికి వంపవలెను. గొట్టము చుట్టును రోజూ సబ్బునీటితో కడుగవలెను.

మూత్రము మసకగా నున్నంతమాత్రమున దుకాణములో మందు కొని మ్రింగరాదు. చలిజ్వరము, నడుము నొప్పి, మూత్రములో నెత్తురు, ధార ఆగుట, వృద్ధులలో మతి తప్పుట కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. బుడగలోని నీరు తీయక గొట్టమును లాగినచో గాయమగును. ఆ పని శిక్షణ పొందినవారిదే.

పొర పట్టకుండ చేయుటకు మేలైన ఉపాయము, అవసరము తీరిన దినముననే గొట్టమును తీయించుట. కావున ఆసుపత్రి విడుచునపుడు, “దీనిని ఎన్నడు తీయుదురు?” అని అడిగి, ఆ తేదీని చీటీపై వ్రాయించుకొనుడు. ఆ దినమును మరువకుడు.