సెరాదో బీళ్లలో ఒంగోలు సంతతి

బ్రెజిల్ దేశపు నడిమి పీఠభూమికి సెరాదో అని పేరు. అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు వానలు కురిసి, పిదప అయిదు నెలలు ఇంచుమించుగా చినుకు రాలని ఆ ఎఱ్ఱనేలలపై, తెల్లని మేనును, ఎత్తైన మూపురమును, వ్రేలాడు గంగడోలును గల పశువులు మందలు మందలుగ మేయుచుండుట చూచిన తెలుగువానికి అవి పరాయివని తోచదు. అవి మన ఒంగోలు జాతి సంతతియే. ఆ దేశమున వానిని నెలోరి యందురు. పంతొమ్మిదవ శతాబ్దమున ఓడలనెక్కి వెళ్లినవి కొన్ని, 1960 తరువాతి రెండు మూడేండ్లలో వెళ్లినవి మఱికొన్ని. ఈ రెండవ విడతలో పోయిన కరవది యను ఆంబోతు, ఒంగోలు చేరువనున్న కరవది గ్రామము పేరుతోనే, అచటి వంశావళులలో నేటికిని గౌరవముగ పేర్కొనబడుచున్నది. మనము దున్నుటకును బండ్లు లాగుటకును పెంచిన జాతిని వారు మాంసముకొఱకు పెంచుచున్నారు. ఇది మనలో కొందఱికి మనఃక్లేశకరము కావచ్చును. ఐనను ఆ పోషణవిధానమునందు మన పశుపాలకులు తెలిసికొనదగిన శాస్త్రము మెండుగ నున్నది.

ఎండకును పిడుదులకును ఓర్చుకొను గుణము జాతిసిద్ధముగ వచ్చినదే యైనను, పశువునకు బరువు నిచ్చునది గడ్డి. కావుననే అచటి నేర్పరియగు రైతు తనను గడ్డి పండించువానినిగ భావించుకొనును. సెరాదో నేల ఆమ్లగుణము కలది, భాస్వరము కొఱవడినది. సున్నము చల్లి, సూపర్ ఫాస్ఫేట్ వేసినగాని మంచి మేత పెరుగదు. ఆఫ్రికానుండి వచ్చిన బ్రకియారియా జాతి గడ్డి ఈ నేలలకు తగియున్నది. నురుగులో దాగి రసము పీల్చు ఒకానొక పురుగు పూర్వపు రకములను మాడ్చివేయుచుండగా, దాని నెదుర్కొనగల మరాందు అను రకమును ఎంబ్రాపా అను ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనసంస్థ 1984లో విడుదల చేసెను. ఐనను నీరు నిలుచు పల్లములలో మరాందు చచ్చును. పల్లమునకు వేఱొక రకమును ఎంచుకొనవలసినదే.

ఇక మేపు విషయము. బీటిని కంచెలతో భాగములుగ విభజించి మందను ఒకదానినుండి మఱొకదానికి మార్చుట అందఱు ఎఱిగినదే. ఎప్పుడు మార్చవలెననుటయే అసలు విద్య. గడ్డి పెరిగి పెరిగి సూర్యకాంతిలో నూటికి 95 పాళ్లను పట్టుకొను స్థితికి రాగానే క్రింది ఆకులు నీడలో పడి ఎండసాగును, కాడలు ముదురును. అటుపై కనబడు ఎత్తంతయు పశువునకు పనికిరాని కాడయే. మరాందునకు ఆ స్థితి సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తున వచ్చును. అప్పుడు మందను తోలి, 15 సెంటీమీటర్లకు దిగగానే తీసివేసినచో, మిగిలిన ఆకుల బలముతో గడ్డి వెంటనే మరల చిగుర్చును. మోడుగ మేపినచో వేరులలో దాచుకొనిన సత్తువ ఖర్చై, రెండు మూడేండ్లలో బీడు కలుపుమొక్కల పాలగును. ఇన్ని దినముల కొకమారు అని పంచాంగము చూచి మార్చుటకంటె గడ్డి యెత్తు చూచి మార్చుట ఎంతయు శ్రేయస్కరము. ఏలయన జనవరిలో వారమునకు పెరిగినంత గడ్డి మే నెలలో మాసమునకైనను పెరుగదు. అందుచేతనే దూరదృష్టి గలవారు ఫిబ్రవరి, మార్చి నెలలలోనే కొన్ని భాగములను మూసివేసి వానలు లేని కాలమునకు మేత నిలువచేసికొందురు.

ఆ నిలువ గడ్డియందు మాంసకృత్తులు మిక్కిలి తగ్గియుండును. నూటికి ఏడు పాళ్లకు దిగినచో పశువు కడుపులోని సూక్ష్మజీవులు నారను జీర్ణింపజేయలేవు. ఎదుట గడ్డి యున్నను పశువు చిక్కును. వానలలో బలిసి ఎండలలో చిక్కు ఈ పశువును అచటివారు అకార్డియన్ వాద్యపు తిత్తితో పోల్చుదురు. దీనికి విఱుగుడుగ ఉప్పు, ఖనిజములు, చెక్క, కొంచెము యూరియా కలిపి తొట్లలో పెట్టుదురు. యూరియా విషయమున జాగరూకత అత్యవసరము: క్రమక్రమముగ అలవాటు చేయవలెను, తొట్టిపై కప్పు వేయవలెను, వాననీరు నిలిచి యూరియా కరగిన తొట్టిలో నీరు త్రాగిన పశువు గంటలలో మరణింపవచ్చును. భాస్వరము చాలని ఆవులు బీళ్లలోని ఎండుటెముకలను నమలి బొట్యులిజమను విషవ్యాధికి లోనగుటయు కలదు. ఖనిజలవణమునకు వెనుదీయువాడు కోల్పోవునది అందుకయ్యెడి ఖర్చుకంటె అధికము.

ఆవు చూలు సుమారు 290 దినములు. ఏడాదికొక దూడ కావలెనన్నచో ఈనిన పిదప 75 దినములలోపల తిరిగి చూలు నిలువవలెను. చిక్కిన ఆవు ఎదకు రాదు. కనుక నవంబరునుండి జనవరివఱకే మందలో ఆంబోతులను విడిచియో, కృత్రిమ గర్భధారణ చేయించియో, ఈతలన్నియు పొడికాలపు చివరను, తొలివానల వేళను పడునట్లు చూచుకొందురు. పొడినేలపై దూడబొడ్డు చీము పట్టుట తక్కువ, తల్లికి పాలు పెరుగు వేళకు లేతపచ్చిక సిద్ధము. దూడలకు పాలు మాన్పించునప్పుడు పరీక్షించి, చూలు కట్టని ఆవులను మందనుండి తొలగింతురు.

అమ్మకము మఱియొక విద్య. ధర అరోబా లెక్కన, అనగా 15 కిలోల కళేబరపు బరువునకు పలుకును. 500 కిలోల ఎద్దు నూటికి 54 పాళ్లు తూగినచో 270 కిలోలు, అనగా 18 అరోబాలు. తోలుటకుముందు నీరు, మేత నింపి తూకము పెంచుకొందమన్న యుక్తి ఇచట సాగదు. వానలు వెనుదీయగానే, బరువు తగ్గకమునుపే అమ్మవలెనని అందఱు త్వరపడుటచే మే, జూన్ మాసములలో ధర సాధారణముగ దిగును. సెప్టెంబరు మొదలు నవంబరు వఱకు బలిసిన ఎద్దులు కొఱవడి ఎక్కును. అంతవఱకు నిలుపదలచినవారు వంద దినములు కొట్టములలో దాణా పెట్టుదురు. ఆ దాణాధర, రాబోవు అరోబా ధర రెండును లెక్కకు వచ్చినప్పుడే అది లాభము. సావో పావులో నగరమందలి వాయిదావ్యాపార విపణిలో 330 అరోబాల ఒప్పందములతో ధరను ముందే కట్టుకొను వీలును కలదు. ఎద్దులను కొని బలపించువాడు, అమ్మిన ఒక ఎద్దు సొమ్ముతో మరల ఎన్ని దూడలు వచ్చునో చూచుకొనును. దూడలధర పడినప్పుడు పలువురు ఆవులను కోతకు పంపుదురు. కొన్నేండ్లకు దూడలు కఱవై ధర పెరుగును. ధర పడిన దినములలో ఆవులను నిలుపుకొనగలిగినవాడే గట్టెక్కును.

బీడు పాడైనప్పుడెల్ల క్రొత్తగ అడవి నఱకుట ఒకప్పటి సులభోపాయము. అది ఘోరమైన అపచారము. 2009 నుండి పెద్ద మాంసకర్మాగారములు అమెజాన్ అడవిని క్రొత్తగ నఱకిన భూములనుండి పశువులను కొనబోమని మాట ఇచ్చినవి, ఆ మాట నెరవేరుట ఇంకను అరకొఱయే. పాతబీటిని బాగుచేయు ఉపాయము కలదు. సున్నము, భాస్వరము వేసి, మొక్కజొన్నతో కలిపి బ్రకియారియా విత్తుదురు. పైరునీడలో గడ్డి అణగియుండి, కంకులు కోసిన పిదప విజృంభించును. వానలు లేని కాలమునకు మంచి మేత దొరకును. ఎరువుల వ్యయములో కొంతభాగము మొక్కజొన్న అమ్మకముతోనే తిరిగి వచ్చుటచే, పెద్ద అప్పు చేయలేని రైతు కూడ ఏటికి కొంత చొప్పున తన బీటిని పునరుద్ధరించుకొనగలుగుచున్నాడు.