మారుమనువుతో పోయేది పింఛను, పోనిది భూమి: ఉద్దానంలో ఒంటరి తల్లి చూసుకోవాల్సిన లెక్క

పలాస: పిల్లలున్న ఒంటరి ఆడమనిషి మళ్లీ ఒకరి ఇంటికి వెళ్లాలనుకుంటే చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాటలు సాధారణంగా రెండు. మారుమనువు చేసుకుంటే మొదటి భర్త భూమిలో హక్కు పోతుందన్నది ఒకటి. పింఛనుదేముంది, ఎవరూ అడగరు, వస్తూనే ఉంటుందన్నది రెండోది. రెండూ తప్పే. అసలు లెక్క సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఈ తేడా తెలియక కొందరు ఉన్న భూమిని వదిలేసుకుంటారు, కొందరు నెలకు నాలుగు వేల కోసం అంతకన్నా పెద్దదాన్ని పోగొట్టుకుంటారు.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ ప్రశ్న మిగతా చోట్లకన్నా ఎక్కువ బరువైనది. మూడు దశాబ్దాలకు పైగా ఈ కొబ్బరి, జీడి తోటల ఊళ్లలో కిడ్నీ జబ్బు మగవాళ్లను నడివయసులోనే తీసుకుపోతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ చేయించుకునే రోగికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆ మనిషి పోయిన రోజున ఆ పదివేలూ ఆగిపోతాయి. భార్యకు వచ్చేది వితంతు పింఛను, నెలకు 4,000. వైద్యం అప్పులు మాత్రం అలాగే ఉంటాయి. పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి, పప్పు పొట్టు తీసి కూలి తెచ్చుకునే తల్లికి ఆ నాలుగు వేలు చిన్న మొత్తం కాదు. ఏడాదికి 48,000.

మళ్లీ పెళ్లయితే ఆ 48,000 పోతుంది. కేంద్ర ప్రభుత్వ వితంతు పింఛను నిబంధనల్లో పునర్వివాహం చేసుకుంటే పింఛను ఆపాలని స్పష్టంగా రాసి ఉంది. రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా కూడా భర్త లేని స్త్రీకి ఇచ్చేదే, భర్త ఉన్నాక ఆ అర్హత ఉండదు. ఒకటో తేదీన సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని వెళ్తారు కాబట్టి ఏ ఇంట్లో ఎవరున్నారో ఊరికి తెలియకుండా ఉండదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే విచారణ వస్తుంది.

హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో కంపెనీలో పనిచేస్తూ చనిపోయిన వాళ్ల కుటుంబాలకు పీఎఫ్ పింఛను ఉంటుంది. దాని సంగతి కొంచెం వేరు. మళ్లీ పెళ్లి చేసుకున్న భార్యకు ఆ పింఛను ఆగిపోతుంది, కానీ పిల్లలది ఆగదు. మామూలుగా పిల్లలకు ఒక్కొక్కరికి తల్లి పింఛనులో 25 శాతం చొప్పున ఇద్దరి వరకు, 25 ఏళ్లు వచ్చే దాకా ఇస్తారు. తల్లి మారుమనువు చేసుకుంటే పిల్లల వాటాను అనాథ పింఛను లెక్కన 75 శాతానికి పెంచాలి. పీఎఫ్ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటే గానీ ఇది దానంతట అది జరగదు. చాలామంది తల్లి పింఛను ఆగగానే అంతా ఆగిపోయిందనుకుని ఊరుకుంటారు.

ఇక కొత్త ఇల్లు. ప్రభుత్వం మనిషిని కాదు, కుటుంబాన్ని లెక్కేస్తుంది. బియ్యం కార్డులో, సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగులో తల్లీ పిల్లలూ కొత్త భర్త ఇంట్లోకి మారగానే ఆయన ఆస్తి, ఆయన ఆదాయం, ఆయన కరెంటు మీటరు అన్నీ వీళ్ల ఖాతాలోకి వస్తాయి. మూడెకరాల పల్లం లేదా పదెకరాల మెట్ట దాటినా, నెలకు 300 యూనిట్లు దాటినా, సొంత వాడకానికి కారు ఉన్నా, ఇంట్లో ఎవరైనా ప్రభుత్వోద్యోగి ఉన్నా, ఇన్‌కం ట్యాక్స్ కట్టినా చాలా పథకాలు దూరమవుతాయి. పల్లెలో నెలకు పదివేలు, పట్నంలో పన్నెండు వేలు అన్న ఆదాయ పరిమితి కూడా ఉంది. 2025లో మొదలైన తల్లికి వందనం కింద చదువుకునే ఒక్కో బిడ్డకు తల్లి ఖాతాలో 13,000 పడుతుంది. ఇద్దరు పిల్లలకు 26,000. కొత్త భర్త ట్యాక్సీయో ఆటోనో నడిపితే ఇబ్బంది లేదు, వాటికి మినహాయింపు ఉంది. అదే ఆయన టీచరో, రైల్వే ఉద్యోగో అయితే ఈ 26,000 మీద ఆశ వదులుకోవాల్సిందే. అలాంటి చోట జీతమే అంతకన్నా ఎక్కువ కాబట్టి నష్టం లేదనుకోవచ్చు. కానీ ఆ జీతం ఈ పిల్లల చదువుకు వస్తుందా అన్నది అసలు ప్రశ్న. ఎందుకంటే సవతి తండ్రికి పిల్లలను పోషించే బాధ్యత చట్టప్రకారం లేదు, మనసుంటే పోషిస్తాడు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంకొకటి. తల్లి కొత్త ఇంటికి వెళ్తుంది, పిల్లలు నాన్నమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండిపోతారు. అప్పుడు మ్యాపింగులో పిల్లలు ఒక చోట, తల్లి ఒక చోట పడి డబ్బు ఆగిపోయే ప్రమాదం ఉంది. కార్డు మార్చేటప్పుడే పిల్లల పేర్లు ఎవరి దగ్గర ఉంచాలో తేల్చుకోవాలి.

భూమి విషయం

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్లికి అనుమతి ఇచ్చింది గానీ, మొదటి భర్త ఆస్తిలో హక్కును తీసేసింది. ఊళ్లో ఇప్పటికీ నడుస్తున్న మాటకు మూలం బహుశా అదే. ఆ చట్టం 1983లో రద్దయింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త చనిపోయిన క్షణంలోనే భార్య వాటా ఆమె సొంతమవుతుంది, తర్వాత మారుమనువు చేసుకున్నా అది వెనక్కి పోదు. 2008లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. షరియత్‌లోనూ అంతే. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు పూర్తయ్యాక భార్య నిఖా చేసుకుంటే మొదటి భర్త నుంచి వచ్చిన వాటా, రావాల్సిన మహర్ రెండూ ఆమెవే. మహర్ అప్పు కిందికి వస్తుంది, అది తీర్చాకే మిగిలింది పంచాలి.

ఒక ఎకరం కొబ్బరి తోట అనుకుందాం. పోయిన మనిషి సొంతంగా సంపాదించుకున్నది. ఆయనకు తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. హిందూ కుటుంబమైతే నలుగురికీ 25 సెంట్ల చొప్పున వస్తుంది. ముస్లిం కుటుంబమైతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే పన్నెండున్నర సెంట్లు, తల్లికి ఆరో వంతు, అంటే సుమారు పదహారున్నర. మిగతా దాదాపు 71 సెంట్లలో రెండు పాళ్లు కొడుకుకి, ఒక పాలు కూతురికి. ఈ వాటాల్లో ఒక్క సెంటు కూడా మారుమనువు వల్ల తగ్గదు.

అయితే ఆ భూమి వేరే దారిన జారిపోవచ్చు. రేపు ఆ తల్లి చనిపోతే, హిందూ చట్టం ప్రకారం ఆమె 25 సెంట్లు పిల్లలిద్దరితో పాటు కొత్త భర్తకూ సమానంగా వెళ్తాయి. ముస్లిం కుటుంబంలో కొత్త భర్తకు నాలుగో వంతు. మొదటి తండ్రి వేసిన తోటలో రెండో భర్తకు భాగం అన్నమాట. అది వద్దనుకుంటే హిందూ స్త్రీ పిల్లల పేర వీలునామా రాసుకోవచ్చు. ముస్లిం స్త్రీకి వసీయత్ మూడో వంతు వరకే, అదీ వారసులకు రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. కాబట్టి బతికుండగానే హిబా ఇచ్చి భూమిని స్వాధీనం చేయడం మేలు.

పిల్లల వాటా మీద మాత్రం కొత్త భర్తకు ఏ అధికారమూ లేదు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సవతి తండ్రి సహజ సంరక్షకుడు కాడని సూటిగా చెప్పింది. కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా మైనరు భూమిని అమ్మకూడదు. ముస్లిం చట్టంలో ఆస్తికి సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తాత. తల్లి కావాలంటే కోర్టుకు వెళ్లాలి. తల్లి బయటి మనిషిని నిఖా చేసుకుంటే పిల్లలను దగ్గర ఉంచుకునే హక్కు పోతుందని అత్తింటివాళ్లు అంటుంటారు. ఫిఖ్‌లో ఆ మాట ఉన్నది నిజమే గానీ, కోర్టులు ఇప్పుడు 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ మేలునే ముందు చూస్తున్నాయి.

భర్త చనిపోకుండా విడిపోయిన వాళ్ల లెక్క వేరు. విడాకుల తర్వాత భార్యకు వచ్చే మనోవర్తి మళ్లీ పెళ్లితో ఆగుతుంది. పిల్లలకు తండ్రి ఇవ్వాల్సింది ఆగదు. తల్లి ఎవరిని చేసుకున్నా తండ్రి తండ్రే. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సాధారణ చట్టం కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే తేల్చింది.

పింఛను పోతుందని పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండిపోయే వాళ్లూ ఉన్నారు. కష్టాన్ని బట్టి చూస్తే అర్థం చేసుకోదగిందే. కానీ ఉద్దానంలో ఆ రెండో మనిషికి కూడా క్రియాటినిన్ పెరగదన్న భరోసా లేదు. ఆయన పోతే ఆమె భార్య కాదు. తోటలో వాటా లేదు, మహర్ లేదు, పీఎఫ్ లేదు. 2005 గృహహింస చట్టం కలిసి ఉన్న స్త్రీకి ఆయన బతికుండగా నీడ, ఖర్చు ఇప్పించగలదు గానీ వారసత్వం ఇవ్వదు. ఆయనకు ముందే భార్య ఉందని తెలిసి వెళ్తే ఆ రక్షణ కూడా దొరకడం కష్టమని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నాలుగు వేలు కాపాడుకోవడానికి ఇంత వదులుకోవడం ఖరీదైన బేరమే.

పని వరస కూడా ముఖ్యం. భర్త మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, మీసేవలో మ్యుటేషన్ పెట్టి, 1బి, అడంగల్‌లో తన పేరు, పిల్లల పేర్లు ఎక్కించుకోవడం ఊరు మారకముందే జరగాలి. వెళ్లాక అత్తింటివాళ్ల సంతకాలు దొరకడం అంత తేలిక కాదు. బీమా డబ్బు ఉంటే పిల్లల పేర డిపాజిట్ చేయాలి. బ్యాంకు ఖాతాల్లో నామినీ ఎవరో చూసుకోవాలి, నామినీ అంటే హక్కుదారు కాదన్నది గుర్తుంచుకోవాలి. పొదుపు సంఘంలో అప్పుంటే తీర్చి, తన పొదుపు ఎంతుందో పుస్తకంలో రాయించుకుని రావాలి. లేదంటే ఆ వాయిదాలు పాత ఊళ్లోని తోటి ఆడవాళ్ల మీద పడతాయి.