ఎమ్మారై గదిలోకి ఇనుము ఎందుకు తీసుకెళ్లకూడదు?

గుడియాత్తంలో దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పేది భూమి అయస్కాంత క్షేత్రం. వేలూరు సీఎంసీ వంటి ఆసుపత్రుల్లోని ఎమ్మారై యంత్రం క్షేత్రం దానికి 30 వేల రెట్లకు పైమాటే: సాధారణంగా 1.5 టెస్లాలు!

ఎలా? తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమవుతుంది. ఎమ్మారై యంత్రంలోని తీగచుట్టను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే నిరోధం మాయమై, కరెంటు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు బుల్లి అయస్కాంతాలు. యంత్రం క్షేత్రంలో అవి దాని దిశకు సర్దుకుంటాయి. రేడియో తరంగాలు వాటిని కదిలిస్తాయి. తరంగాలు ఆగగానే అవి మళ్లీ సర్దుకుంటూ సంకేతాలు ఇస్తాయి. కంప్యూటర్ వాటినే బొమ్మగా మారుస్తుంది.

స్కానింగ్ లేనప్పుడూ ఈ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. కత్తెరనైనా, కుర్చీనైనా విసురుగా లాగేసి లోపలున్న రోగిని గాయపరచగలదు. అందుకే ఇనుము గది బయటే ఉండాలి.