మందు కంటే ముందు: అలాట్‌మెంట్ కూరగాయల కోతలు, కష్టాలు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంట్‌ని. వారంలో నాలుగు రోజులు క్లయింటు ఊళ్ళో, మిగిలిన మూడు రోజులు రెడింగ్ దగ్గర మా ఇంట్లో ఉంటాను. ఆ మూడు రోజుల్లో ఒక పూట మాత్రం మా అలాట్‌మెంట్‌ది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. నేనేదో పెద్ద వ్యవసాయదారుణ్ణని కాదు. ఒక ఏడాది పంట పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం ఒకటుంది, అది మీకు ఊరికే ఇచ్చేద్దామని.

కొత్తగా ఇంగ్లండు వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. అలాట్‌మెంట్ అంటే కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్ వాళ్ళు ఏడాది అద్దెకిచ్చే చిన్న నేల చెక్క. అడిగినవాళ్ళకి ఇలాంటి నేల చూపించే బాధ్యతని కౌన్సిళ్ళ మీద పెట్టిన 1908 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. పూర్తి ప్లాటు అంటే పాత కొలతలో పది రాడ్లు. మన లెక్కలో చెప్పాలంటే మూడు వందల గజాల పైచిలుకు, సరిగ్గా ఆరుంపావు సెంట్లు. హైదరాబాదులో అయితే ఇల్లు కట్టేసే స్థలం అన్న మాట! అడిగేవాళ్ళు ఎక్కువై చాలాచోట్ల సగం ప్లాట్లే ఇస్తున్నారు. మాకూ మూడేళ్ళు ఎదురుచూశాక సగమే దొరికింది. కలుపు పెరగనిచ్చి వదిలేస్తే నోటీసు వస్తుంది, ఆ తర్వాత ప్లాటు వెనక్కి తీసుకుంటారు.

ఇక నా కథ. రెండో ఏడు ఉత్సాహం పట్టలేక దగ్గర్లోని గుర్రాలశాల నుంచి బాగా మాగిన గుర్రపు లద్దె పది బస్తాలు తెచ్చి మడుల్లో కలిపాను. టమాటాలు, బీన్స్, బంగాళాదుంపలు వేశాను. జూన్ నెలాఖరుకి టమాటా కొసల్లో ఆకులు ముడుచుకుపోయి, సన్నగా చీలికలై, ఫెర్న్ ఆకుల్లా తయారయ్యాయి. కాడలు మెలితిరిగాయి. బలం చాల్లేదనుకుని ఇంకో రెండు బస్తాల ఎరువు వేశాను. పురుగేమోనని షాపులో దొరికిన స్ప్రే కొట్టాను. నీళ్ళు ఎక్కువ పెట్టాను. ఈ మూడూ ఒకే వారంలో! మొక్కలు ఇంకా పాడయ్యాయి.

ఆఖరికి మా నాన్నగారికి వీడియో కాల్ చేసి చూపించాను. ఆయనది గుంటూరు జిల్లా. పత్తి, మిరప వేసిన మనిషి. ఏ మందు కొట్టమంటారని అడిగాను. ఆయన మందు పేరు చెప్పలేదు. "ఒరే, ముందు నేనడిగినవాటికి చెప్పు" అని అయిదు ప్రశ్నలు వేశారు.

ఒకటి, అన్ని మొక్కలూ ఇలాగే ఉన్నాయా, కొన్నేనా? రెండు, ముదురాకు పాడయిందా, కొత్త చిగురా? మూడు, పక్కవాళ్ళ చేను ఎలా ఉంది? నాలుగు, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది? అయిదు, దానికి ముందు నువ్వేం చేశావు?

అయిదో ప్రశ్న వినగానే నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మా ఆఫీసులో ఏదైనా సిస్టం పడిపోతే మేం అడిగే మొదటి ప్రశ్న అదే కదా! "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చారు?" అని. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదని కొత్త పిల్లలకి పాఠం చెప్పే నేను, టమాటాల దగ్గర ఒకే వారంలో మూడు మార్పులు చేశాను.

జవాబులు చూసుకుంటే సంగతి బయటపడింది. పాడయింది కొత్త చిగురు. టమాటాలు, బీన్స్, బంగాళాదుంపలు మూడూ ఒకేలా ముడుచుకున్నాయి. అదే మడిలో ఉన్న మొక్కజొన్న మాత్రం నిక్షేపంగా ఉంది. లద్దె వెయ్యని చివరి మడిలో బీన్స్ కూడా బాగున్నాయి. పక్క ప్లాటు పెద్దాయనకి చూపిస్తే తల పంకించి, 2008లో ఇక్కడ చాలామందికి ఇదే జరిగిందన్నాడు.

జరిగిందేమిటంటే, గడ్డి మైదానాల్లో వెడల్పాకు కలుపుని చంపడానికి అమినోపైరలిడ్ అనే మందు వాడతారు. గడ్డి జాతికి అది ఏమీ చెయ్యదు. ఆ గడ్డి తిన్న పశువుల్లోంచి మందు మారకుండా బయటికొచ్చి, పేడలోనూ లద్దెలోనూ ఉండిపోతుంది. మాగినా పూర్తిగా పోదు. అతి కొద్ది మోతాదు చాలు, టమాటా, చిక్కుడు, బఠాణీ, బంగాళాదుంప జాతులు ముడుచుకుపోవడానికి. మొక్కజొన్న గడ్డి జాతిదే కాబట్టి తట్టుకుంది. 2008లో ఆ మందుల అమ్మకాలు కొంతకాలం ఆపేశారు, తర్వాత గట్టి షరతులతో మళ్ళీ అనుమతించారు. అంటే ఇప్పటికీ జాగ్రత్త అవసరమే.

అయితే ఫెర్న్‌లా ముడుచుకోవడం కొన్ని వైరస్ తెగుళ్ళలో కూడా ఉంటుంది. తేల్చుకోవడానికి పెద్దాయన ఒక పరీక్ష చెప్పాడు. కొన్ని కుండీల్లో ఆ ఎరువూ, కొన్న కంపోస్టూ సగం సగం కలిపి నింపండి. ఇంకొన్ని కుండీల్లో ఉత్త కంపోస్టు నింపండి. అన్నిట్లోనూ బ్రాడ్ బీన్స్ గింజలు పెట్టి, విడివిడి పళ్ళేలలో ఉంచి, నాలుగు వారాలు చూడండి. ఎరువు కుండీల్లో మాత్రమే ఆకులు దొప్పల్లా ముడుచుకుంటే దోషం ఎరువుదే. నావి అలాగే ముడుచుకున్నాయి. మొక్కలు పీకేశాను. మిగిలిన ఎరువు తీసేసి, మట్టిని పదే పదే తిరగవేశాను. నేలలోని సూక్ష్మజీవులే ఆ మందుని మెల్లగా విరగ్గొడతాయి. మరుసటి ఏడు అక్కడ మొక్కజొన్న వేసి, బీన్స్ పరీక్ష మళ్ళీ చేసి, ఆ పై ఏడాదే టమాటా నాటాను. ఇప్పుడు ఏ ఎరువు తెచ్చినా ముందు కుండీ పరీక్ష, తర్వాతే మడి.

టమాటాకి వచ్చే మిగతా రెండు కష్టాలూ ఈ ప్రశ్నలతోనే తేలిపోతాయి. కాయ అడుగున నల్లగా, తోలులా గుంటపడితే చాలామంది తెగులనుకుంటారు. ఆకులు బాగానే ఉండి కాయ అడుగు మాత్రమే పాడయితే అది తెగులు కాదు. కాయకి కాల్షియం అందలేదన్న మాట. మట్టిలో కాల్షియం లేక కాదు, నీళ్ళు ఒకరోజు కుండపోతగా, మూడు రోజులు అసలు లేకుండా పెట్టడం వల్ల వేరు దాన్ని కాయ దాకా మోసుకెళ్ళలేకపోతుంది. కుండీల్లో, గ్రో బ్యాగుల్లో ఇది ఎక్కువ. వారాంతం తోటమాలులకి మరీ ఎక్కువ! నీళ్ళు క్రమంగా పెడితే తర్వాతి కాయలు బాగుంటాయి.

రెండోది బ్లైట్, మన ఆకుమాడు తెగులు. 1845లో ఐర్లండులో బంగాళాదుంపని తుడిచిపెట్టి కరువు తెచ్చింది ఇదే. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, తడి రోజుల్లో ఆకు అడుగున తెల్లటి బూజు, కాడల మీద నల్లటి చారలు, ఆపైన కాయల మీద మచ్చలు. ఇక్కడ "పక్కవాళ్ళ చేను ఎలా ఉంది" అన్న ప్రశ్న ముఖ్యం. ఎందుకంటే ఇది గాలిలో వస్తుంది, అందరికీ దాదాపు ఒకేసారి వస్తుంది. వరుసగా రెండు రోజులు కనీస ఉష్ణోగ్రత 10 డిగ్రీలకి తగ్గకుండా, రోజుకి ఆరు గంటలైనా గాలిలో తేమ 90 శాతం ఉంటే ప్రమాద ఘంటిక మోగినట్టే. ఇంటి తోటల వాళ్ళకి దీనికి పనికొచ్చే మందేదీ ఇక్కడ అమ్మరు. కాబట్టి అడిగి లాభం లేదు. బంగాళాదుంపకి సోకితే కాడలన్నీ నేలమట్టానికి కోసి బయటికి చేర్చండి. దుంపలు వెంటనే తవ్వకండి, రెండు మూడు వారాలు ఆగండి. తొక్క గట్టిపడుతుంది, పైన పడిన తెగులు బీజాలు చనిపోతాయి. వచ్చే ఏడాదికి బంగాళాదుంపలో సర్పో మీరా, టమాటాలో క్రిమ్సన్ క్రష్ లాంటి తట్టుకునే రకాలు చూసుకోండి.

సరే, కష్టాలు చాలు, కోత సంగతికొద్దాం. నిజానికి ఈ రెండూ వేరు కాదు. రోజూ కోసేవాడే రోజూ చూసేవాడు. కాయ కోసం ఆకు ఎత్తినప్పుడే పురుగు గుడ్లు కనపడతాయి, మొదలు తడిసిందో లేదో తెలుస్తుంది.

మన ఊళ్ళో బెండకాయలు రోజు మార్చి రోజు కోస్తారు కదా, ఇక్కడ రన్నర్ బీన్స్, కోర్జెట్లు అంతే. మొక్క ధ్యాసంతా గింజ మీదే. ఒక్క కాయలో గింజ ముదిరిందంటే తన పని అయిపోయిందనుకుని పూత తగ్గించేస్తుంది. లేతగా కోసేకొద్దీ కాస్తూనే ఉంటుంది. కోర్జెట్ జానెడు కన్నా చిన్నగా, పది పదిహేను సెంటీమీటర్లప్పుడు కోయాలి. వారం ఊరెళ్ళి వస్తే అది సొరకాయంత అవుతుంది. అందుకే నాలా వారానికోసారి వెళ్ళేవాళ్ళు తమ రాకపోకలని బట్టి పంట ఎంచుకోవాలి. బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, గుమ్మడి మన కోసం ఆగుతాయి. బీన్స్, కోర్జెట్లు ఆగవు. అవి కావాలంటే పక్క ప్లాటు వాళ్ళతో పొత్తు పెట్టుకోండి, "నేను లేనప్పుడు కోసుకోండి, మీరు లేనప్పుడు నేను కోస్తాను" అని. నా బీన్స్ ఇప్పటికీ కాస్తున్నాయంటే పక్క ప్లాటు పెద్దాయన పుణ్యమే.

తొలి రకం బంగాళాదుంపలు పూత వచ్చే వేళకి తవ్వుకోవచ్చు. పక్కనుంచి మట్టి తీసి చూడండి, కోడిగుడ్డంత ఉంటే చాలు. నిలవ రకాలయితే కాడలు ఎండాక రెండు వారాలాగి, పొడి రోజున తవ్వి, కాసేపు ఆరనిచ్చి, కాగితం సంచుల్లో చీకట్లో పెట్టాలి. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారిన దుంపలు వండకండి, విషం. ఉల్లి ఆకులు తమంతట తామే పడిపోయాక పీకి ఆరబెట్టండి, చేత్తో వంచకండి. కొత్తిమీర మే, జూన్‌లలో వేస్తే ఇక్కడి పొడుగు పగళ్ళకి ఆకు పెట్టకుండా పూతకొచ్చేస్తుంది. ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చల్లండి.

ఇంకొక్క జాగ్రత్త. దోసకాయ కోసేటప్పుడు మన అమ్మలు ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూస్తారు కదా! ఆ అలవాటు కోర్జెట్లకీ పెట్టుకోండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, ఆ కాయే కాదు, ఆ మొక్క కాయలన్నీ పారేయండి. ఆ చేదు కుకర్బిటాసిన్ అనే విషం, ఉడికించినా పోదు. ముఖ్యంగా సొంతంగా దాచుకున్న విత్తనాలతో ఈ ప్రమాదం. అలంకారం గుమ్మడి పుప్పొడి ఎక్కడినుంచో వచ్చి కలిస్తే మరుసటి తరం కాయ చేదెక్కుతుంది.

ముగించే ముందు మా నాన్నగారి మాట ఒకటి. మందు పేరు ఎందుకు చెప్పలేదని తర్వాత ఒకరోజు అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి తెల్లదోమ పట్టింది, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడు. "పురుగేదో చూడలేదురా. షాపువాడు ఏమిస్తే అది కొట్టాం. తగ్గకపోతే రెండు కలిపి కొట్టాం. దోమని తినే పురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. అప్పుడు ఈ అయిదు ప్రశ్నలూ అడిగేవాడు ఎవడూ లేడు" అన్నారు.

నాకు పోయింది ఒక ఏడాది టమాటాలు. వారం తిరిగితే జీతం వస్తుంది, సూపర్‌మార్కెట్ ఉంది. ఆయనకి అలా కాదు. అందుకే ఆ ప్రశ్నలు కాగితం మీద రాసి మా షెడ్డు తలుపుకి అతికించాను. మీరూ రాసుకోండి.

సెప్టెంబరు చివర్లో మంచు పడబోతోందనగానే మిగిలిన పచ్చి టమాటాలన్నీ కోసేయండి. సగం అరటిపండు పక్కన సంచీలో పెడితే పండుతాయి. మిగతా సగంతో ఏం చెయ్యాలో తెలుగువాళ్ళకి నేను చెప్పాలా? నువ్వులు, పచ్చిమిర్చి వేయించి పెట్టుకోండి, చాలు.